పొలందొర

మా తాత కోటిలింగం ఆ పొద్దున తాటిచెట్టు మీద ఉన్నాడు,
నడుముకి మోకు, మోకాళ్ల కింద మాఘమాసపు మంచు.
గెల కొస గీసి కుండ మారుస్తుంటే
బెజవాడ వైపు నించి చప్పుడు.
చప్పుడు కాదు,
చప్పుడు ఆగిపోవడం.

ఇంజను చచ్చిన విమానం
బకింగాం కాలవ దాటి, చెట్టంత ఎత్తులో,
తనకి ఎదురుగా.
"ఆ నిమిషాన నేల మీద కాళ్లు లేనివాళ్లం
దుగ్గిరాల ఫిర్కా మొత్తానికి మేమిద్దరమేరా"
అనేవాడు.

పసుపు చేలో పడింది. తవ్వకానికొచ్చిన చేను.
దుంపలు, రేగడి గడ్డలు, రేకులు
అన్నీ ఒక్కసారే పైకి లేచాయట.
పెట్రోలూ పచ్చిపసుపూ కలిస్తే ఏం వాసనొస్తుంది తాతా అంటే
ముక్కు రుద్దుకునేవాడు, అంతే.

మోకు వదిలేసి జారాడు,
గుండె మీది తోలు చెట్టుకిచ్చి.
చేరేసరికి కుర్రాడు బెల్టులకి వేలాడుతున్నాడు.
పాతికేళ్లుండవు. మొహం నిండా పసుపు,
పెళ్లికొడుకుని చేసినట్టు.
కళ్లు తెరిచి, తాతను చూసి
"మామో" అన్నాడు.
మళ్లీ అన్నాడు. స్పష్టంగా.
ముంత నోటి దగ్గర పెడితే తాగలేదు.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది, ఇద్దరు సోల్జర్లు, ఒక ఆఫీసరు.
ఇంగ్లీషువాడు కాదు, పోలండువాడు అన్నాడు ఆఫీసరు.
గుంపులో వెనకున్నవాళ్లకి పొలం ఒక్కటే వినబడింది.
పొలంలో పడ్డాడు, పొలందొర అయ్యాడు.
కరణం చయనులు గారు పంచనామాలో
పేరు దగ్గర కలం ఆపి,
ష్చెపాన్ క్షివ్దా,
"ఇదేం పేరయ్యా, అన్నీ పొల్లులే" అని చెమట తుడుచుకున్నారట.
ఇతనికి ఎవరైనా ఉన్నారా అని అడిగితే
తాత నోరు తెరిచాడు, మూశాడు.
సర్కారు కాగితంలో
మామ అని ఎలా రాయించుకుంటాడు?

ఇంట్లో మాత్రం రాసేసుకున్నాడు.
ఏటా మాఘంలో మొదటి కుండ కల్లు
ఆ చేను గట్టు మీద ఒంపేవాడు, అల్లుడికని.
అప్పటికి మా మేనత్త వియ్యమ్మకి రెండేళ్లు.
ఊరు ఊరంతా, పదేళ్లపాటు, పిల్లని ఏడిపించింది:
నీ మొగుడు విమానమెక్కి వచ్చాడే,
పసుపు కూడా రాయించుకున్నాడే.
అత్త రాళ్లు విసిరేది. గురి బాగా కుదిరిందట.
తర్వాత నిజం మొగుడు వచ్చాడు, చీరాల నించి, రైల్లో.

నాది కరెంటాఫీసులో స్తంభాలెక్కే పని.
ఎక్కడం మా ఇంటి చదువు.
మొన్న గుణదల తిరనాళ్లకి డ్యూటీ వేస్తే
ఒక ముసలి సిస్టరుతో టీ తాగాను.
ఆ దేశంలో పదకొండేళ్లు ఉందట ఆవిడ.
మాట మీద మాట వచ్చి, అడిగాను.
కప్పు కింద పెట్టింది.
"మామో అంటే మామ కాదు నాయనా,
అమ్మా అని."

అత్తకి చెప్పాను. ఎనభై దాటింది,
చింతపండు గింజ తీస్తోంది.
తీస్తూనే ఉంది.
ఆ గట్టు మీద ఇప్పుడు కుండా లేదు, గట్టూ లేదు,
ప్లాట్ల రాళ్లు. ఇంజను లోపలే ఉందంటారు,
రేగడి మింగిందేదీ తిరిగివ్వదు.

"ఆ తల్లికి ఎవరైనా చెప్పారంటావా?" అంది.
ఏమో అన్నాను.
బుట్టలో గింజలు నిండాక
"మీ తాతకి మాత్రం చెప్పకు" అంది.

తాత పోయి ముప్పై ఏళ్లు.
చెప్పన్లే అన్నాను.